నమాజు ఏ భాషా పదం?

"నమాజు" ఏ భాషా పదమని అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా "అరబ్బీ" అని జవాబు చెబుతారు. అది సరి కాదు. దివ్య ఖుర్ఆన్‌లో ఈ ఆరాధనకు వాడబడిన పదం "సలాత్". రమజాను మాసపు వ్రతానికి వాడబడినది "సియామ్". నమాజు, రోజా రెండూ పారశీక పదాలు. ఖుదా, పైగంబర్, ఫరిష్తా, బెహిష్త్ కూడా ఆ భాషవే. నమాజు అనే మాట ఇస్లాం ఇరాన్ చేరక పూర్వమే అక్కడి ప్రజల నోట ఉండేది. వంగి వందనం చేయటం దాని తొలి అర్థం. సంస్కృతంలోని "నమస్" దానికి తోబుట్టువు వంటిది. ఇస్లాం స్వీకరించిన ఇరానీయులు ఆ పాత మాటను పారవేయలేదు. దానికి కొత్త అర్థాన్ని కట్టబెట్టి, సలాత్‌కు బదులుగా వాడుకున్నారు.

ఆ మాటలు మన ఇళ్ళకు ఎలా వచ్చాయి? దక్కనులో 1347లో బహమనీ రాజ్యం ఏర్పడింది. ఆ తర్వాత గోల్కొండలో కుతుబ్‌షాహీలు 1518 నుండి 1687 వరకు పాలించారు. వారి దర్బారు భాష పారశీకం. ఇరాన్, మధ్య ఆసియాల నుండి వచ్చిన పండితులు, సూఫీలు, ఉద్యోగులు తమ వెంట ఈ పదాలను తెచ్చారు. అరబ్బీ పదాలు కూడా చాలావరకు పారశీక ఉచ్చారణతోనే మనకు అందాయి. "రమదాన్" మన నోట "రమజాను" కావటానికి కారణం అదే. ఈ మధ్య కొందరు రమజాను అనటం తప్పని, రమదాన్ అనే పలకాలని పట్టుపడుతున్నారు. శతాబ్దాలుగా ఉపవాసాలుంటున్న మన తాతముత్తాతలు తప్పు మాటతో ఉన్నారనుకోవాలా?

మతానికి సంబంధించిన పదాలతోపాటు కచేరీ పదాలూ వచ్చాయి. ఇవి ముస్లిముల ఇళ్ళకే పరిమితం కాలేదు. వకీలు, దావా, హాజరు, తారీఖు, జవాబు, బాకీ, ఫిర్యాదు, దస్తావేజు అనని తెలుగువాడు లేడు. వీటిలో "రైతు" చరిత్ర ముచ్చటైనది. అరబ్బీలో "రఇయ్యత్" అంటే కాపరి సంరక్షణలోని మంద. ఆ పిదప పాలకుని సంరక్షణలోని ప్రజ. ప్రతి ఒక్కరూ తమ సంరక్షణలో ఉన్నవారిని గురించి జవాబుదారులని బోధించే ప్రసిద్ధ హదీసులో ఉన్నది ఈ పదమే. శిస్తు చెల్లించే ప్రజలో అత్యధికులు సేద్యగాళ్ళు గనుక మన దేశంలో ఆ మాట వారికే స్థిరపడింది. నేడు తెలుగులో "రైతు" కన్నా తెలుగుదనం ఉట్టిపడే మాట మరొకటి ఉందా! "వసూలు" అంటే అరబ్బీలో చేరటం; పన్ను ఖజానాకు చేరితే మనకు వసూలయింది.

ఇచ్చిపుచ్చుకోవటం ఒకవైపే జరగలేదు. దక్కనీ భాష తెలుగు, కన్నడం, మరాఠీల నడుమ పెరిగింది. "వస్తానని చెప్పాడు" అనే వాక్యంలో మనం వాడే "అని" స్థానంలో దక్కనీవారు "బోల్‌కే" వాడుతారు. ఉత్తరాది ఉర్దూలో ఈ కట్టుబడి లేదు. ఇది ద్రావిడ భాషల వాక్య నిర్మాణం. "నక్కో" మరాఠీ సొమ్ము. అందుచేత దక్కనీని చెడిపోయిన ఉర్దూ అని ఎగతాళి చేయటం చరిత్ర తెలియక చేసే పని. ఢిల్లీలో ఉర్దూ కవిత్వం వికసించక ముందే, 1612లో కీర్తిశేషుడైన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో దివాను రచించాడు. ఇక అతని తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు "మల్కిభరాము"డని పిలుచుకున్నారు. సంస్కృత సమాలు లేని తొలి అచ్చతెలుగు కావ్యం, పొన్నికంటి తెలగన "యయాతి చరిత్రము", అంకితమైనది ఆ కాలపు అధికారి అమీన్‌ఖానుకు.

ఇప్పుడు మన పొరుగుకు పోదాము. సముద్రమార్గాన అరబ్బు వర్తకులతో నేరుగా సంబంధం కలిగిన తమిళ ముస్లిములు సలాత్‌ను "తొళుగై" అని, ఉపవాసాన్ని "నోన్బు" అని అంటారు. రెండూ తమిళ పదాలే. కేరళలో "నిస్కారం" అంటారు. అది "నమస్కారం" నుండి వచ్చినది. అనగా ఇరానీయుడూ మలయాళీ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే ధాతువు దగ్గరికి చేరారు! మలయా, ఇండోనీషియా ముస్లిములు ఉపవాసాన్ని "పువాస" అంటారు. అది సంస్కృత "ఉపవాస" శబ్దం నుండి ఏర్పడింది. తూర్పు ఆఫ్రికా తీరపు స్వాహిలీలో మాత్రం "స్వాలా", "సౌము" అని అరబ్బీ పదాలే నిలిచాయి. అరబ్బులు నేరుగా వచ్చిన చోటనెల్లా అరబ్బీ పదమే నిలుస్తుందన్న నియమం లేదన్నమాట.

పరభాషా పదాలను గురించి మన పూర్వ పండితులు కూడా చర్చించారు. ఖుర్ఆన్‌లో అరబ్బీయేతర పదాలేవీ లేవని ఇమాం షాఫయీ (రహ్మతుల్లాహ్ అలైహ్) అభిప్రాయం. 1505లో పరమపదించిన ఇమాం సుయూతీ అటువంటి పదాలను సేకరించి ప్రత్యేకంగా గ్రంథమే రాశారు. పట్టువస్త్రాన్ని తెలిపే "ఇస్తబ్రఖ్" పారశీకం నుండి వచ్చినదని చెప్పినవారున్నారు. ఇతర భాషల నుండి వచ్చినా అరబ్బులు వాటిని తమవిగా చేసుకున్నాక అవి అరబ్బీయేనని మధ్యేమార్గం చెప్పినవారూ ఉన్నారు. ఈ మూడవ మాటే నాకు సమంజసంగా తోస్తుంది.

ఇదంతా ఎందుకంటే, తెలుగులో ధార్మిక విషయాలు రాసేవారికి అడుగడుగునా ఈ చిక్కు ఎదురవుతుంది. ఉపవాసం అనరాదు, అది ఇతరుల మాట అని కొందరి అభ్యంతరం. కోట్లాది ఇండోనీషియా ముస్లిములకు లేని అభ్యంతరం మనకెందుకో! అయితే ప్రతి మాటనూ తెలుగు చేయాలనీ నేననను. సలాత్‌ను "ప్రార్థన" అంటే అది దుఆ అవుతుంది; రుకూ, సజ్దాలు అందులో కనిపించవు. జకాత్‌ను "దానం" అంటే విధిగా చెల్లించవలసిన హక్కు కాస్తా ఇష్టానుసారం ఇచ్చే సదఖాగా మారిపోతుంది. అక్కడ మూల పదమే ఉండాలి. పదం ఏ భాషదన్నది కాక, అర్థం చెడుతుందా లేదా అన్నది చూడాలి.

నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలలో తరతరాలుగా తెలుగే ఇంటి భాష. ఉర్దూ రాదన్న ఒక్క కారణంతో వారిని తక్కువ ముస్లిములుగా చూసే దురలవాటు మనలో ఇంకా పోలేదు. తెలుగు పల్లెల్లో రోజాను "ఒక్కపొద్దు" అనేవారున్నారు. పొద్దంతా ఏమీ తినని రోజాకూ, ఒక్కపూట తినే ఒక్కపొద్దుకూ తేడా ఉన్నమాట నిజమే. ఆ తేడా వారికీ తెలుసు. అయితే పారశీకంలో "రోజ్" అంటే దినం. దాని నుండి వచ్చినదే రోజా. తెలుగులో పొద్దు అన్నా దినమే.