పాలీహౌస్ పైకప్పుపై రంజక సౌరఘటం: పైరుకు మిగిలే వెలుగెంత?

రంగారెడ్డి జిల్లా బాలాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఏ.ఆర్.సి.ఐ.లో సౌరశక్తి పదార్థాలకు ప్రత్యేక విభాగం ఉన్నది. అదే జిల్లాలో కూరగాయలు, పూలు పండించే పాలీహౌస్‌లూ ఉన్నాయి. ఈ రెండింటికీ సంబంధించిన అంశం రంజక సౌరఘటం. పాక్షికంగా పారదర్శకమైన ఈ ఘటాన్ని పైకప్పుగా అమర్చితే, విద్యుత్తుకు పోయే వెలుగెంతో, పైరుకు దక్కేదెంతో ప్రధానంగా అందులోని రంగే నిర్ణయిస్తుంది.

రంజకం చేసే పని

టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను తప్ప కంటికి కనిపించే వెలుగును గ్రహించలేదు. దాని సూక్ష్మరంధ్రాల పొరపై ఒక అణువు మందాన అంటిన రంజకం వెలుగును గ్రహించి, ఆ పొరలోకి ఎలక్ట్రాన్‌ను పంపుతుంది. రంజకం కోల్పోయిన ఎలక్ట్రాన్‌ను అయోడైడ్ ద్రావణం తిరిగి సమకూరుస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఓరెగన్, గ్రెట్జెల్ 1991లో ఈ విధానంతో 7 శాతానికి పైగా సామర్థ్యం సాధించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. పొందిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ ప్రథమ రచయితగా 1993లో వెలువడిన పత్రంలోని రుథేనియం రంజకం దానిని 10 శాతానికి చేర్చింది. హైదరాబాద్‌లోని ఐ.ఐ.సి.టి.లో పోర్ఫిరిన్, థాలోసయనిన్ రంజకాలపై పరిశోధనలు జరిగాయి.

మొక్కల రంగులు

రుథేనియం అరుదైన, ఖరీదైన లోహం. అందుచేత మందార వంటి పూలలోని ఆంథోసయనిన్‌లను, బీట్‌రూట్‌లోని బీటాలైన్‌లను శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఆంథోసయనిన్ పక్కపక్కనున్న హైడ్రాక్సిల్ సమూహాలతోను, బీటాలైన్ కార్బాక్సిల్ సమూహాలతోను పొరకు అంటుకుంటాయి. పత్రహరితానికి అనువైన సమూహం లేనందున అది సరిగా అంటదు. వీటి సామర్థ్యం అనేక ప్రయోగాలలో 1 శాతం పరిసరాలలోనే ఉండిపోయింది. పైగా ఎండకు రంగు వెలిసిపోతుంది. పూల రసంతో ఘటం తయారుచేయడం విద్యార్థులకు మంచి ప్రయోగమే గాని, రైతుకు ఆదాయమార్గంగా చెప్పదగినది కాదు.

సస్యశాస్త్ర దృష్టి

కిరణజన్య సంయోగక్రియకు 400 నుండి 700 నానోమీటర్ల వెలుగు ఉపయోగపడుతుంది. పత్రహరితం అందులో నీలం, ఎరుపు వెలుగులను అధికంగా గ్రహిస్తుంది. రుథేనియం రంజకం ఆకుపచ్చ వెలుగుతోపాటు నీలాన్ని కూడా గ్రహించి పైరుతో పోటీపడుతుంది. ఆకుపచ్చను మాత్రమే గ్రహించే రంజకం మేలనిపించినా, ఆ వెలుగు పైరుకు వృథా కాదు. గుబురుగా పెరిగిన పైరులో కింది ఆకులకు చేరే వెలుగులో దాని వాటా ఎక్కువ.

కావున ఘట సామర్థ్యం ఒక్కటే ప్రమాణం కారాదు. పైకప్పు కింద చేరే వెలుగు, ఆకు విస్తీర్ణం, పూత, దిగుబడి పక్కపక్క మడులలో కొలవాలి. ఏ పైరు ఏ దశలో ఎంత వెలుగు వదులుకోగలదో తేలకుండా విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పైకప్పును రైతుకు సిఫారసు చేయరాదు.