పిల్లికి మాటిమాటికీ మోషన్స్: మందు ఆపగానే మళ్లీ ఎందుకు మొదలవుతాయి?

ఈ ఎపిసోడ్ పిల్లి కడుపు గురించి. పిల్లికి ఒకసారి మోషన్స్ అయి, రెండు రోజుల్లో తగ్గిపోతే పెద్దగా కంగారు పడక్కర్లేదు. మనలాగే అది కూడా ఏదో తింటుంది, కడుపు పాడవుతుంది, సర్దుకుంటుంది. అసలు తలనొప్పి రెండో రకంతో. తగ్గుతుంది, పది రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. మళ్లీ మెడికల్ షాపు, మళ్లీ అదే టాబ్లెట్. మూడోసారికి ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు, "దాన్ని తీసుకెళ్లి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రా" అని.

ఇంట్లో పెరిగిన పిల్లిని, అందులోనూ కడుపు బాగోని పిల్లిని, వీధిలో వదిలితే అది ఎన్నాళ్లు ఉంటుందో మీకే తెలుసు. కాబట్టి మోషన్స్ తగ్గకపోతే దానికి పోయేది ఆరోగ్యం ఒక్కటే కాదు, ఇల్లు కూడా.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మోషన్స్ అనేది జబ్బు పేరు కాదు, లక్షణం. దాని వెనక కారణం ఒకటి ఉంటుంది. కారణం అలాగే ఉండగా మందు వేస్తే నాలుగు రోజులు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. వరసగా 3 వారాలు దాటినా, తగ్గుతూ వస్తూ ఉన్నా డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక సమస్య కిందే చూస్తారు. అప్పుడు చేయాల్సింది కారణాన్ని వరసలో వెతకడం. ఆ వరస ఏంటో చూద్దాం.

ముందుగా: ఇవి కనిపిస్తే వీడియో ఆపేసి డాక్టర్ దగ్గరికి

టీకాలు పడని చిన్న పిల్లికూన డల్‌గా అయిపోయి, తినకుండా, వాంతులు చేసుకుంటోందంటే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ కావచ్చు. కుక్కపిల్లలకి వచ్చే పార్వోకి ఇది దగ్గరి చుట్టం. కూనల్ని చాలా వేగంగా చంపేస్తుంది. రేపు చూద్దాం అనుకోవద్దు.

పెద్ద పిల్లి అయినా సరే పూర్తిగా తినడం మానేసి ఒక రోజు దాటితే ఆగకండి. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లులకి, లివర్‌లో కొవ్వు పేరుకుని అదే ప్రాణం మీదకి వస్తుంది. ఉపవాసం పెడితే కడుపు కుదుటపడుతుంది అనే మనుషుల లెక్క పిల్లికి పనికిరాదు.

మలం తారులా నల్లగా ఉన్నా, రక్తం ఎక్కువగా పడినా వెళ్లిపోవాలి. మెడ వెనక చర్మం పైకి పట్టి వదిలితే వెంటనే కిందకి రాకుండా మెల్లగా దిగుతోందంటే ఒంట్లో నీళ్లు తగ్గాయని.

ఇంకోటి, దారం. మల్లెపూలు కట్టే దారం, సంక్రాంతికి మిగిలిపోయిన గాలిపటం దారం పిల్లులు ఆడుకుంటూ మింగేస్తాయి. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి. లోపల పేగు కోసుకుపోతుంది. అలాగే తీసుకెళ్లండి.

మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతోంది, ఏమీ రావట్లేదు అంటే అది మలబద్ధకం అనుకోవద్దు. మూత్రం ఆగిపోయి ఉండొచ్చు. అది గంటల్లో చూపించాల్సిన విషయం.

ఏ పేగు గొడవో మలమే చెబుతుంది

ఛీ అనుకోకుండా ఒకసారి చూడండి. రోజుకి ఒకటి రెండుసార్లే వెళ్తోంది, కానీ ఎక్కువ మొత్తంలో నీళ్లలా, పిల్లి చిక్కిపోతోంది అంటే సమస్య చిన్నపేగులో ఉండొచ్చు. రోజుకి ఐదారుసార్లు పరిగెడుతోంది, కొంచెం కొంచెమే వస్తోంది, జిగురు ఉంది, చివర్లో ఒక ఎర్ర చుక్క, కానీ బరువు మాత్రం తగ్గలేదు అంటే పెద్దపేగు అనుకోవచ్చు. ఈ ఒక్క వివరం చెబితే డాక్టర్‌కి సగం దారి దొరుకుతుంది. "మోషన్స్ అవుతున్నాయి సార్" అని ఊరుకుంటే దొరకదు.

గిన్నెలో ఏముందో చూడండి

మన కృష్ణా జిల్లా ఇళ్లలో పిల్లికి పెట్టే మొదటి భోజనం పాలన్నం, అదీ చిక్కటి గేదె పాలతో. తల్లి పాలు మానేశాక చాలా పిల్లుల్లో పాలలోని చక్కెరని అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. అరగని ఆ చక్కెర పేగులోకి నీళ్లు లాగుతుంది, గ్యాస్ అవుతుంది, మోషన్స్ అవుతాయి. "మా పిల్లి ఇష్టంగా తాగుతుంది కదా" అంటారు. ఇష్టం వేరు, అరగడం వేరు. ముందు 2 వారాలు పాలు, పాలు కలిపినవి పూర్తిగా ఆపి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

తర్వాత చేప. విజయవాడ, గుడివాడ, కైకలూరు, మచిలీపట్నం, ఎక్కడైనా చేప కొంటే తలలు, పొట్టలు పిల్లికి వేయడం మామూలే. ఎండలో రెండు మూడు గంటలు ఉన్న పొట్ట భాగాల్లో బ్యాక్టీరియా పెరిగిపోతుంది. పైగా శీలావతి, బొచ్చె లాంటివి కార్ప్ కుటుంబం చేపలు. ఆ కుటుంబంలో చాలా చేపల్లో, పచ్చిగా ఉన్నప్పుడు, బి1 విటమిన్‌ని పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది. ఉడికిస్తే పోతుంది. కాబట్టి చేప పెట్టాలంటే ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, కొంచెం పెట్టండి. చేపల పులుసులో అన్నం కలిపి పెట్టడం మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

మూడోది మన ఎండ. మే నెలలో బెజవాడ సంగతి చెప్పక్కర్లేదు. ప్యాకెట్ తడి ఫుడ్ గానీ, ఉడికించిన చికెన్ గానీ పొద్దున గిన్నెలో వేసి కాలేజీకి వెళ్లిపోతే, మధ్యాహ్నానికి అది పాడైపోయి ఉంటుంది. గంటలో తినకపోతే తీసేయండి. గిన్నె ప్రతిసారీ కడగండి.

నాలుగోది బ్రాండ్ మార్పులు. ఆఫర్ వచ్చిందని ఈ వారం ఒకటి, వచ్చే వారం ఒకటి కొనొద్దు. మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ 7 నుంచి 10 రోజులు తీసుకోండి.

"మరి ఉత్త చికెన్ ఉడికించి రోజూ పెట్టేస్తే?" అని అడుగుతారు. కడుపు కుదుటపడే దాకా నాలుగు రోజులు పర్లేదు. నెలల తరబడి అదే పెడితే కాల్షియం, టారిన్ సరిపోవు. టారిన్ తగ్గితే పిల్లికి కళ్లు, గుండె దెబ్బతింటాయని 1970, 80ల్లోనే పరిశోధనల్లో తేలింది.

పురుగుల మందు ఒకసారి వేశాం కదా!

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఏలికపాములు కూనలకి తల్లి పాల నుంచే రావొచ్చు. ఒక్క డోసు మందు అప్పటికి పేగులో ఉన్నవాటిని తీసేస్తుంది. తర్వాత ఎదిగేవాటికి మళ్లీ వేయాలి. ఎప్పుడు, ఎంత అనేది బరువు చూసి డాక్టర్ చెబుతారు.

తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. ఈ పురుగు ఎక్కువగా గోమార్ల వల్ల వస్తుంది. ఒళ్లు నాక్కుంటూ గోమారిని మింగుతుంది, అందులోంచి పురుగు కడుపులోకి పోతుంది. గోమార్లు పోకుండా మందు ఎన్నిసార్లు వేసినా మళ్లీ వస్తుంది. ఒక జాగ్రత్త, కుక్కలకి వాడే గోమార్ల మందు పిల్లికి వేయొద్దు. కొన్నింట్లో ఉండే పర్మెత్రిన్ పిల్లికి విషం.

ఇంకా చిన్నవి ఉంటాయి, జియార్డియా, కాక్సిడియా. కంటికి కనపడవు, మైక్రోస్కోప్‌లో చూడాలి. కలుషితమైన నీళ్లు, తడి నేల వీటికి అనుకూలం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు వీధుల్లో డ్రైన్ నీళ్లు, వాన నీళ్లు కలిసి రోజుల తరబడి నిలిచాయి గుర్తుందా? అలాంటి నీళ్లు తాగిన జంతువుకి ఇవి రావడానికి అవకాశం ఎక్కువ. వానాకాలంలో తాగే నీళ్లు మనం తాగేవే పెట్టండి. మామూలు ఒక్క డోసు డీవార్మింగ్‌తో ఇవి పోవు. జియార్డియా ప్రతి రోజూ మలంలో కనపడదు కూడా. అందుకే వేరు వేరు రోజుల్లో 3 శాంపిల్స్ అడుగుతారు.

మెడికల్ షాపు మందుల సంగతి

పారాసిటమాల్ ఒక్క టాబ్లెట్ పిల్లిని చంపగలదు. మనం మోషన్స్‌కి వేసుకునే లోపెరమైడ్ కూడా సొంతంగా వేయొద్దు. మెట్రోనిడజోల్ అయితే మోషన్స్ అనగానే షాపులో ఇచ్చేస్తారు. దానికి వాడకం ఉంది, డాక్టర్ చెప్పినప్పుడు. ప్రతిసారీ వేస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. కాస్త తగ్గినట్టు కనిపించి అసలు కారణం ఇంకో నెల దాక్కుంటుంది.

ఫోన్ మీ చేతిలోనే ఉంది, వాడండి

ఒక నోట్ తెరవండి. తేదీ, ఏం తింది, ఎన్నిసార్లు వెళ్లింది, ఎలా ఉంది, వాంతి అయిందా. ఐదు ముక్కలు, అరనిమిషం పని. మలం ఫోటో తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి, గ్యాలరీలో అమ్మ చూస్తే గొడవ. వాంతి చేసుకునేటప్పుడు వీడియో తీస్తే, అది వాంతా, దగ్గా అన్నది డాక్టర్ చూసి చెబుతారు.

వారానికోసారి బరువు చూడండి. పిల్లిని ఎత్తుకుని మెషిన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా రాసుకోండి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టు. చూపుకి తెలీదు, అంకెకి తెలుస్తుంది. నెల రోజులు రాస్తే ఏదో ఒక పద్ధతి బయటపడుతుంది. ఆదివారం చేప తెచ్చిన మర్నాడేనా? కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడేనా?

డాక్టర్ దగ్గర, డబ్బులు తక్కువున్నప్పుడు

స్టూడెంట్ దగ్గర డబ్బులు లెక్కగానే ఉంటాయి కాబట్టి ముందే చెప్పండి, "సార్, మొదట ఏది తప్పనిసరి?" అని. మామూలుగా మొదటి మెట్టు మలం పరీక్ష, సరైన డీవార్మింగ్. అవి అయ్యాక ఆహారం మార్చి చూడటం. పిల్లి ఇంతవరకు తినని మాంసంతో చేసిన ఫుడ్‌ గానీ, అలర్జీ కోసం ప్రత్యేకంగా చేసిన ఫుడ్‌ గానీ, అదొక్కటే పెట్టాలి. ఆహారమే కారణమైతే చాలా పిల్లుల్లో 2 వారాల్లోనే తేడా కనిపిస్తుంది. మధ్యలో ఎవరో ఒక బిస్కెట్ ముక్క పెడితే లెక్క మళ్లీ మొదటికి. ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా నానమ్మకి.

అప్పటికీ తగ్గకపోతే రక్త పరీక్షలు, బి12, స్కానింగ్. వయసు 10 దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ కూడా చూడాలి. పేగు వాపు జబ్బు లాంటివి పూర్తిగా పోకపోవచ్చు, కానీ ఆహారంతో, మందులతో చాలా పిల్లులు ఏళ్ల తరబడి హాయిగా ఉంటాయి.

విజయవాడ చుట్టుపక్కల వాళ్లకి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. వెళ్లే ముందు ఓపీ టైమింగ్ కనుక్కోండి. మలం శాంపిల్ ఆ రోజుదే, శుభ్రమైన డబ్బాలో తీసుకెళ్లండి.

ఇంట్లో వాళ్ల భయం కూడా న్యాయమే. ట్రే రోజూ శుభ్రం చేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, గర్భంతో ఉన్నవాళ్లతో ఆ పని చేయించొద్దు. టాక్సోప్లాస్మా అనే క్రిమి మలంలో పడ్డాక, మనకి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ అవకాశమే బాగా తగ్గిపోతుంది. ట్రే శుభ్రంగా ఉంటే "వదిలేసి రా" అనే మాట కూడా తగ్గుతుంది.

సరే అండి, ఈ రాత్రికి మూడే పనులు. పాలు ఆపండి, గిన్నె కడగండి, ఫోన్‌లో మొదటి లైను రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కూనలకి టీకాలు ఏ వయసులో, ఏ వరసలో వేయించాలో మాట్లాడుకుందాం. ఉంటానండి.