ఐదు గోల్స్‌ని దేనితో భాగించాలి?

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) టైటిల్ గెలిచింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఆ వార్త చదివి పెంటపాడు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. "రహీం సాబ్ తయారుచేసిన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టు దాడి గొప్పదా, ఒగ్బెచె ఆడిన హైదరాబాద్ జట్టు దాడి గొప్పదా? అభిమానం పక్కనపెట్టి లెక్క కట్టి చెప్పండి" అని అడిగారు. ఇలాంటి ప్రశ్న చేతికొచ్చాక ఈ నెలకు మరో విషయం వెతుక్కోవాల్సిన పని లేదు.

ముందు పైపై లెక్క. మెల్‌బోర్న్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని భారత జట్టు మూడు మ్యాచ్‌లు ఆడి ఐదు గోల్స్ కొట్టింది. అంటే మ్యాచ్‌కు 1.67. బలరామ్, జుల్ఫికరుద్దీన్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటి హైదరాబాద్ ఆటగాళ్లు ఆ బృందంలో ఉన్నారు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 లీగ్ దశలో 20 మ్యాచ్‌ల్లో 43 గోల్స్ కొట్టింది. మ్యాచ్‌కు 2.15. అందులో 17 ఒక్క ఒగ్బెచెవే. కాబట్టి కొత్త జట్టే మేటి అని చాలామంది ఇక్కడే లెక్క ముగిస్తారు. ఇది తప్పు. లవం ఒక్కటీ చూసి, హారం సంగతి మరిచిపోయిన లెక్క ఇది.

వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి కలిసినప్పుడు కొల్లేట్లో పడవ ఎంత ఎత్తున తేలుతుందో, మే నెలలో ఎంత ఎత్తున తేలుతుందో పోల్చి, ఏ పడవ బాగా కట్టారో చెప్పగలమా? ముందు నీటి మట్టం తీసేయాలి. ఫుట్‌బాల్‌లోనూ ఒక్కో కాలానికి ఒక్కో మట్టం ఉంటుంది, అది చాలా ఘోరంగా మారుతుంది. 1954 ప్రపంచకప్‌లో 26 మ్యాచ్‌ల్లో 140 గోల్స్ పడ్డాయి. మ్యాచ్‌కు 5.4. ఎనిమిదేళ్లకు, 1962లో, 32 మ్యాచ్‌ల్లో 89 మాత్రమే. మ్యాచ్‌కు 2.8. ఎనిమిదేళ్లలో ప్రపంచమంతటా ముందువరుస ఆటగాళ్లు సగానికి సగం చేతగానివాళ్లయిపోయారంటే ఎవరు నమ్ముతారు? మారింది ఆట అమరిక. అందరూ రక్షణకు మనుషులను పెంచారు.

ఒక్కోసారి మట్టం ఒక్క సంతకంతో మారిపోతుంది. 1925 వరకు ఆఫ్‌సైడ్ నిబంధన ప్రకారం బంతి అందుకునే ఆటగాడికీ గోల్ లైనుకూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి. న్యూకాజిల్ డిఫెండర్ బిల్ మెక్‌క్రాకెన్ లాంటివాళ్లు ఒక్క అడుగు ముందుకేసి ఎదుటి జట్టు మొత్తాన్ని ఆఫ్‌సైడ్‌లో పడేయడం నేర్చుకున్నారు. ఆట చచ్చిపోతోందని ఆ ఏడాది ముగ్గురిని ఇద్దరు చేశారు. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో 1924-25లో 462 మ్యాచ్‌లకు 1,192 గోల్స్. మరుసటి ఏడాది అవే 462 మ్యాచ్‌లకు 1,703! దాదాపు అవే జట్లు, అవే మైదానాలు. 1927-28లో డిక్సీ డీన్ 60 లీగ్ గోల్స్ కొట్టాడని ఈనాటికీ చెప్పుకుంటారు. ఆయన గొప్పవాడే, సందేహం లేదు. కానీ ఆ 60ని ఈ కొత్త మట్టం మీదే చూడాలి.

మనకైతే మరో చిక్కుంది. ఆ రోజుల్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 90 నిమిషాలవి కావు, 70 నిమిషాలవి. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ గోల్స్‌ని ఈనాటి గోల్స్ పక్కన పెట్టాలంటే ముందు నిమిషాలు సరిచేయాలి. 70 నిమిషాల్లో రెండు గోల్స్ అంటే 90 నిమిషాల్లో 2.57.

ఇప్పుడు మెల్‌బోర్న్ మట్టం చూద్దాం. ఆ టోర్నీలో మొత్తం 12 మ్యాచ్‌లు, 53 గోల్స్. జట్టుకు మ్యాచ్‌కు 2.21. మనవాళ్ల 1.67 దాన్లో 75 శాతమే. అదే 2021-22 ఐఎస్‌ఎల్‌లో సగటు జట్టు మ్యాచ్‌కు కొట్టింది దాదాపు ఒకటిన్నర గోల్. హైదరాబాద్ 2.15 దానికి సుమారు 1.4 రెట్లు. మట్టం తీసేశాక తేడా ఇంకా పెరిగింది. రహీం అభిమానులు నిరుత్సాహపడే ఘట్టం ఇదే.

కానీ నాకు ఇష్టమైన కిటుకు ఇక్కడి నుంచే మొదలవుతుంది. లీగ్‌లో ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడుతుంది కాబట్టి అందరి సగటుతో భాగిస్తే సరిపోతుంది. ఒలింపిక్స్‌లో అలా కాదు. బ్రిటన్ తొమ్మిది గోల్స్ కొట్టింది థాయ్‌లాండ్ మీద. యుగోస్లావియా తొమ్మిది కొట్టింది అమెరికా మీద. మనకు అలాంటి ప్రత్యర్థి ఒక్కరూ తగల్లేదు. కాబట్టి అడగాల్సింది ఇది: మనం ఎవరెవరితో ఆడామో, వాళ్ల మీద మిగతావాళ్లు ఎన్ని కొట్టగలిగారు?

ఒక్కొక్కరినే తీసుకుందాం. ఆస్ట్రేలియా మీద జపాన్ ఏమీ కొట్టలేకపోయింది. మనం నాలుగు కొట్టాం. నెవిల్ డిసౌజా మూడు, కృష్ణస్వామి ఒకటి. యుగోస్లావియా మీద అమెరికా ఒకటి కొట్టింది, ఫైనల్లో స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టు కూడా ఒకటే కొట్టింది. మనమూ ఒకటి కొట్టాం, అదీ డిసౌజాదే. బల్గేరియా మీద బ్రిటన్ ఒకటి, సోవియట్ రెండు, సగటున ఒకటిన్నర. మనం సున్నా. మిగతావాళ్ల సగటులు కూడితే సున్నా, ఒకటి, ఒకటిన్నర కలిపి రెండున్నర. మనవి ఐదు. సరిగ్గా రెండు రెట్లు! 75 శాతంగా కనిపించిన దాడి, హారం మార్చగానే 200 శాతమైంది.

ఇదే పద్ధతిని 1960 రోమ్ ఒలింపిక్స్‌కి వర్తింపజేస్తే కథ తిరగబడుతుంది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసిన ఆ జట్టును చాలామంది మెల్‌బోర్న్ జట్టుకంటే మెరుగైనదంటారు. గ్రూపులో హంగరీ మీద పెరూ రెండు కొట్టింది, ఫ్రాన్స్ సున్నా. సగటు ఒకటి. ఫ్రాన్స్ మీద పెరూ ఒకటి, హంగరీ ఏడు. సగటు నాలుగు. పెరూ మీద ఫ్రాన్స్ రెండు, హంగరీ ఆరు. మళ్లీ నాలుగు. మొత్తం తొమ్మిది. మనం కొట్టినవి మూడు: బలరామ్‌వి రెండు, పీకే బెనర్జీది ఒకటి. మూడో వంతు! అయితే చూడండి, ఆ తొమ్మిదిని అంత ఎత్తుకు లేపింది ఒక్క హంగరీ. కాబట్టి హంగరీ దాడి ఎంతటిదో కూడా లెక్కలోకి తేవాలి. దానికి హంగరీ ప్రత్యర్థుల బలం కావాలి, దానికి వాళ్ల ప్రత్యర్థుల బలం కావాలి. ప్రతి జట్టు దాడికీ రక్షణకూ ఒక్కో అంకె పెట్టి, అన్ని మ్యాచ్‌ల ఫలితాలకూ సరిపోయేదాకా ఆ అంకెలను మళ్లీమళ్లీ సవరిస్తూ పోవడమే మార్గం. కంప్యూటర్‌కి ఇది క్షణాల పని. ఎక్కడో ఇద్దరు ఆడిన మ్యాచ్ వాళ్లెన్నడూ చూడని మూడో జట్టు విలువను కదిలిస్తుందంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

హారం మరిచిపోయినవారిలో అందరికంటే పెద్ద పేరు చార్లెస్ రీప్‌ది. బ్రిటిష్ వైమానిక దళంలో పద్దులు చూసిన అధికారి. 1950 నుంచి మ్యాచ్‌లకు వెళ్లి ప్రతి పాస్‌నూ కాగితం మీద పెట్టాడు. దాదాపు 80 శాతం గోల్స్ మూడు పాస్‌లలోపే వస్తున్నాయని తేల్చి, పాస్‌లు తగ్గించండి, బంతిని దూరంగా కొట్టండి అన్నాడు. పొడుగు బంతి ఆటకు దశాబ్దాలపాటు ఇదే శాస్త్రీయ ఆధారంగా చెలామణీ అయింది. బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి 1968లో ఆయన ప్రచురించిన పట్టికలోనే జవాబుంది. అసలు 91 శాతానికి పైగా ఎత్తులు, అంటే వరుస పాస్‌ల కదలికలు, మూడు పాస్‌లలోపే తెగిపోతున్నాయి! అంటే మిగిలిన తొమ్మిది శాతంకన్నా తక్కువ ఎత్తులు 20 శాతం గోల్స్ తెచ్చాయి. పొడవైన ఎత్తు ఒక్కోదాని విలువ రెండున్నర రెట్లకు పైనే. 2005లో హ్యూస్, ఫ్రాంక్స్ అనే ఇద్దరు ఈ భాగహారం సరిగ్గా చేసి చూపించారు. అంత శ్రద్ధగా అన్నేళ్లు అంకెలు రాసిన మనిషి ఒక్క భాగహారం చేయకపోవడం నన్ను బాధపెడుతుంది.

పాఠకుడి ప్రశ్నకు వస్తే, ప్రత్యర్థులను బట్టి చూస్తే మెల్‌బోర్న్ దాడిదే పైచేయి. కానీ ఒక షరతు. గోల్స్ లాంటి అరుదైన ఘటనల లెక్కలో ఊగిసలాట సుమారుగా వర్గమూలమంత ఉంటుంది. 43కి అది ఆరున్నర, ఐదుకి రెండుంబావు. అదే జట్టు అదే ఆటతో మరోసారి మూడే కొట్టినా, ఏడు కొట్టినా ఆశ్చర్యం లేదు. హైదరాబాద్ 1.4 గట్టి అంకె, మెల్‌బోర్న్ 2 వణికే అంకె. అయినా నా ఓటు రహీం జట్టుకే.

దీనివల్ల ఉపయోగమేమిటంటారా? ఈ గణితాన్ని విరివిగా వాడేవాళ్లలో పందేల కంపెనీలు ఉన్నాయి. ఇంత చక్కని ఆలోచన జనం జేబులు ఖాళీ చేయడానికి పనికిరావడం నాకు నచ్చదు. అంతకంటే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు గెలిచిన స్వర్ణం లెక్క వేయడం మేలు. దక్షిణ కొరియా చేతిలో 0-2, థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2, ఫైనల్లో కొరియాపై 2-1. ఐదు మ్యాచ్‌లు, 11 గోల్స్. మిగతా జట్లు వాళ్లలో వాళ్లు ఆడిన స్కోర్లు పాత పత్రికల్లో దొరుకుతాయి. ఆ హారం పని పెంటపాడు పాఠకుడికే అప్పగిస్తున్నాను.