వానలో గుడారం, డాబా మీద గుడారం

మనవైపు టెంటు అంటే పెళ్లిపందిరే. వీధి చివర టెంట్‌హౌస్‌కి ఓ మాట చెప్తే షామియానా, కుర్చీలు, వంటపాత్రలు అన్నీ దిగిపోతాయి. కాస్త పెద్దవాళ్లకైతే టూరింగ్ టాకీసు డేరా గుర్తొస్తుంది. అంతేగానీ ఇంటిల్లిపాదీ వెళ్లి పడుకునే గుడారం ఒకటి సొంతానికి కొనుక్కున్నామంటే ‘ఎందుకండీ, హోటళ్లు లేవా?’ అన్నట్టు చూస్తారు. మూడేళ్ల కిందట మేం కొన్నప్పుడు మా విశాఖ అపార్ట్‌మెంట్లో జరిగింది సరిగ్గా అదే. ఇప్పుడు ఆ చూసినవాళ్లలోనే నలుగురైదుగురు మెట్ల దగ్గర ఆపి మరీ అడుగుతున్నారు... వానకి ఆగుతుందా? చంటిపిల్లలతో పడుకోవచ్చా? కొన్న డబ్బులకి న్యాయం జరిగిందా? అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే పోలా!

ముందు ఒక సంగతి. సంచీ మీద ‘నలుగురికి’ అని ఉంటే అది నిజంగా నలుగురికి కాదు. నాలుగు సన్నటి చాపలు అంచుకి అంచు ఆనించి పరిస్తే పడతాయని దాని అర్థం. ఒక్కో మనిషికి అరవై సెంటీమీటర్ల వెడల్పు కూడా దక్కదు. పక్కకి ఒత్తిగిలితే పక్కవాళ్ల మోచెయ్యి ముక్కుకి తగులుతుంది. ఇక బట్టల సంచులు, నీళ్ల సీసాలు, మా అత్తయ్యగారి మాత్రల డబ్బా ఎక్కడ పెడతారు? అందుకే మావారూ, నేనూ, ఆరో తరగతి అమ్మాయి, మూడో తరగతి అబ్బాయి, అప్పుడప్పుడు అత్తయ్యగారు... ఇంతమందికి ఆరుగురిది తీసుకున్నాం. ఒక మోస్తరు పట్టుచీర ఖరీదైంది. ఆ ఏడాది దసరాకి నాకు చీర లేదు లెండి. అది వేరే కథ.

మాది రెండు పొరల గుడారం. లోపలిది పల్చటి గుడ్డ, దోమతెర. పైన కప్పేది వాన ఆపే గుడ్డ. ఈ పై గుడ్డకి మిల్లీమీటర్లలో ఒక లెక్క రాసి ఉంటుంది, చూసే ఉంటారు. గుడ్డ మీద ఓ గొట్టం నిలబెట్టి నీళ్లు పోసుకుంటూ పోతే ఎంత ఎత్తు నీటిదాకా కిందికి ఊరకుండా ఆపుతుందో ఆ లెక్క. 1500 అంటే మీటరున్నర నీటిని ఆపుతుందని. మామూలు వానకి అది చాలు. నేలమీద పరుచుకునే అడుగు గుడ్డకి మాత్రం అంతకు రెట్టింపైనా ఉండాలి. ఎందుకంటే తడినేల మీద మన మోకాలో మోచెయ్యో నొక్కినచోట నీళ్లు కిందినుంచి పైకి తోసుకొస్తాయి. దుకాణంలో అందరూ పైకప్పు లెక్కే అడుగుతారు. అడుగు సంగతి అడగండి.

కొన్న వారంలోనే డాబా మీద వేసి, మొక్కలకి పోసే పైపుతో పావుగంట సేపు నీళ్లు కొట్టాం. పిల్లలు లోపల కూర్చుని ఎక్కడ చుక్క పడుతుందో చూడ్డం! గుడ్డ కారదండీ, కారితే కుట్టు దగ్గరే కారుతుంది. కుట్లమీద లోపలివైపు పారదర్శకంగా ఒక పట్టీ అతికించి ఉండాలి. మాదానికి తలుపు పైన ఒకచోట ఆ పట్టీ లేచి ఉంది. ఇంటి దగ్గరే తెలిసింది కనుక దుకాణానికి తీసుకెళ్లి మార్పించుకున్నాం. అదే ఏ కొండమీదో అర్ధరాత్రి తెలిస్తే?

అరకులో ఆ రాత్రి

అసలు పరీక్ష మరుసటి సెప్టెంబరులో అరకులో జరిగింది. ఒక తోట ఆవరణలో దిగాం. అక్కడి కాపలా అతను మెత్తటి పచ్చిక ఉన్న చదునైన చోటు చూపించాడు. చూడ్డానికి ఎంత బాగుందో! అందరం సామాన్లు దించబోతుంటే అత్తయ్యగారు కదలకుండా నిలబడి, “అమ్మాయ్, ఈ గడ్డి చూడు, మొత్తం ఒకేవైపు వాలి ఉంది. ఇక్కడ నీళ్లు పారతాయే” అన్నారు. ఆవిడ పొలాల్లో పెరిగిన మనిషి. మావారు ఒకసారి ఆకాశం వంక, ఒకసారి వాళ్లమ్మ వంక చూసి, మారు మాట్లాడకుండా సామాను పాతికడుగులు మిట్టకి ఎక్కించారు. అక్కడ నేల కాస్త గరుగ్గా ఉంది. పెద్ద చెట్లకి ఎడంగా కూడా ఉంది.

అడుగున వేసే టార్పాలిన్ గుడారం అంచు దాటి బయటికి రాకూడదు. వచ్చిందా, పైనుంచి జారిన వాననీరంతా దానిమీద పడి మన కిందికే చేరుతుంది. బయటికొచ్చిన అంచుని లోపలికి మడిచేశాం. గుడారంతో పాటు ఇచ్చే సన్నటి తీగ మేకులు తడిమట్టిలో పాయసంలో గరిటెలా నిలబడతాయి. అవి కాదని, మావారు విడిగా కొన్న పొడుగాటి ఇనప మేకులు దిగ్గొట్టారు, తలలు గుడారానికి బయటివైపు వాల్చి. తాళ్లకి నా పాత తెల్ల చున్నీ పీలికలు కట్టాను, చీకట్లో కాలికి తట్టుకోకుండా.

తొమ్మిదింటికి మొదలైంది వాన. గుడారంలో వాన చప్పుడు ఇంట్లో విన్నట్టు ఉండదు, చెవి పక్కన ఎవరో కందిపప్పు చేటలో చెరిగినట్టుంటుంది. పిల్లలకి కాసేపు సరదా. పదిన్నరకి గాలి లేచింది. ఒక పక్క గోడ లోపలికి ఉబ్బి మావాడి మీదకి వచ్చేస్తోంది. తడిసిన గుడ్డ సాగుతుంది. పాలిస్టర్ కాస్త తక్కువ, నైలాన్ బాగా ఎక్కువ. అందుకని వాన మొదలయ్యాక ఒకసారి బయటికెళ్లి తాళ్లన్నీ మళ్లీ బిగించాల్సిందే. మావారు గొడుగు లేకుండా వెళ్లి బిగించి, కోడిపిల్లలా వణుక్కుంటూ వచ్చారు.

గాలివాన కన్నా నన్ను భయపెట్టింది పిడుగు. మెరుపు మెరిశాక ఉరుము వినబడేదాకా అంకెలు లెక్కపెట్టడం మా అమ్మాయి బళ్లో నేర్చుకుంది. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ముప్ఫైలోపే ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టే, ఆరుబయట ఉండకూడదు. అది లెక్కపెడుతూ “ఇరవై నాలుగు” అంది. తర్వాతిది “పదహారు”. ఇంక ఆలోచించేదేముంది? గుడారం వానని ఆపుతుందేమోగానీ పిడుగుని ఆపదు. ఎంత ఖరీదైనదైనా సరే. పక్కా ఇల్లు గానీ, రేకు టాపున్న కారు గానీ ఉండాలి. పిల్లలకి రగ్గులు చుట్టి, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని అందరం కారులోకి చేరి అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాం. చివరి ఉరుము విన్నాక ఇంకో అరగంట ఆగి గానీ దిగలేదు. “ఇంత దూరం వచ్చి కారులో పడుకోడానికా” అని మావారు గొణిగారు. గొణగనీండి!

తెల్లారి లేచి చూస్తే కాపలా అతను మొదట చూపించిన పచ్చికలో చీలమండ లోతు నీళ్లు. మా గుడారం ఉన్నచోటే ఉంది. లోపల తడిసింది ఒక్క మూలే. అక్కడ మావాడి సంచి గోడకి ఆనుకుని ఉంది. లోపలి గుడ్డ బయటి గుడ్డకి తగిలితే తడి దాటుతుంది, అంతే. ఫైబర్ గ్లాసు కమ్మీ ఒకటి నిలువునా చీలింది. దాన్ని ఉత్త చేత్తో పట్టుకోకండి, కంటికి కనపడని పీచు అరచేతిలో దిగి రెండ్రోజులు మంటపెడుతుంది. అల్యూమినియం కమ్మీలైతే చీలవు, వంగుతాయి. డబ్బు ఎక్కువైనా అవే మేలని నా అభిప్రాయం.

లంబసింగి చలి

జనవరిలో లంబసింగి వెళ్లాం. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. ఆ ఊరికి కొర్ర బయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారట! సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తు. మన విశాఖ చలి చలే కాదని అక్కడ తెలుస్తుంది.

తెల్లవారుజామున అమ్మాయి లేపి “అమ్మా, కారుతోంది” అంది. బయట చుక్క వాన లేదు. పైగుడ్డ లోపలివైపు నిండా నీటి బొట్లు! అది మన ఊపిరే. నిద్రలో ఊపిరితో, ఒంటినుంచి పోయే తేమ నలుగురిదీ కలిపితే రాత్రికి దగ్గరదగ్గర లీటరు ఉంటుంది. చల్లటి గుడ్డకి తగిలి అదంతా నీరైపోతుంది. చలి అని గాలి కిటికీలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువ. పైన ఒకటి, కింద ఒకటి తెరిచి ఉంచాలి. చలి పైనుంచి కాదు, నేలలోంచి వస్తుంది. మీద రెండో రగ్గు కప్పుకునే బదులు దాన్నే కింద పరుచుకుని చూడండి. గాలి ఊదే పరుపు మెత్తగా ఉంటుందిగానీ లోపలి గాలి చల్లబడి వీపు జివ్వుమంటుంది.

ఇక్కడే ఇంకో మాట, దయచేసి వినండి. మేం వణకడం చూసి టీ కొట్టు ఆవిడ పాపం నిప్పుల కుంపటి తెచ్చి “లోపల పెట్టుకోండమ్మా, పిల్లలకి వెచ్చగుంటది” అంది. మావారు అందుకోబోయారు. నేను వద్దన్నాను. బొగ్గునిప్పుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగుండదు, వాసనుండదు. మూసిన గుడారంలో నిద్రపోయినవాళ్లు ఇక లేవరు. ఆరిపోతున్న నిప్పు కూడా అంతే ప్రమాదం. కుంపటే కాదు, గ్యాస్ పొయ్యి కూడా లోపల వెలిగించకూడదు. ఆవిడ మనసు నొచ్చుకోకుండా, కుంపటి బయటే పెట్టుకుని చుట్టూ కూర్చుని, ఆవిడ దగ్గరే టీలు తాగి, ఒళ్లు వెచ్చబడ్డాక లోపలికెళ్లి పడుకున్నాం. నీళ్లసీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పిల్లల కాళ్ల దగ్గర పెట్టాను. హాయిగా నిద్రపోయారు.

ఇంటి దగ్గర

నిజం చెప్పొద్దూ, ఏడాదిలో మేం ఊరెళ్లేది రెండుమూడుసార్లే. గుడారం ఎక్కువగా పనికొచ్చింది డాబా మీదే. వేసవిలో కరెంటు పోయిన రాత్రి పైగుడ్డ తీసేసి లోపలి దోమతెర భాగం ఒక్కటీ వేస్తే, సముద్రంగాలి వస్తుంది, దోమలు రావు. డాబా మీద మేకులు దిగవు కనుక నాలుగు మూలలా ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు పెట్టి కడతాం. పెళ్లికి చుట్టాలొచ్చినప్పుడు పిల్లల దండునంతా అందులోకి తోలేశాం. మా చెల్లెలు మూడునెలల బాబుతో వచ్చినప్పుడు భీమిలి తీరంలో వేస్తే, పాలివ్వడానికీ, తడిబట్టలు మార్చుకోవడానికీ అంతకన్నా చాటు ఏముంటుంది? మగవాళ్లకి ఈ అవసరం తట్టదు లెండి. అయితే మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం లోపల ఇడ్లీపాత్రే. పైగా ఎండకి గుడ్డ బలం పోతుంది. పనైపోగానే తీసేయాలి.

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు డాబా మీద ఉంచనే ఉంచకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకి 170 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో మా ఊరిమీద పడ్డప్పుడు రేకులే ఎగిరిపోయాయి. గుడ్డ ఎంత!

చాకిరీ మాటకొస్తే, వేయడం అందరికీ సరదా, ఆరబెట్టడం ఆడవాళ్ల వంతు! మా ఇంట్లో మాత్రం వేసినవాళ్లే ఆరబెట్టాలని రూలు పెట్టాను. తడిగా మడిచిపెడితే వారంలో బూజు, ఏడాదిలో లోపలి పూత జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడిపోతుంది. వాషింగ్ మెషీన్లో వేయొద్దు, చల్లటి నీళ్లలో స్పాంజితో తుడిచి నీడన ఆరేయాలి. జిప్పు బిగుసుకుంటే పళ్లకి కొవ్వొత్తి రుద్దితే చాలు. తినేవేవీ లోపల ఉంచొద్దు. చేగోడీల పొట్లం కోసం ఎలుక కొరికిన బెత్తెడు కన్నానికి అతుకు వేశాను, ఇప్పటికీ ఉంది.

కొనకుండా అద్దెకి తీసుకుందామన్నా లంబసింగిలో రాత్రికింత అని టెంట్లు ఇస్తారు. డబ్బు ఇచ్చేముందు లోపలికెళ్లి అరచేత్తో అడుగు గుడ్డ నొక్కి చూడండి, చెమ్మ తెలిసిపోతుంది. తలుపు జిప్పు రెండువైపులనుంచీ తెరుచుకుంటోందో లేదో, నెగడు ఎంత దూరంలో ఉందో, బాత్‌రూమ్ దారిలో దీపం ఉందో లేదో చూసుకోండి. వెలుతురుండగానే వెళ్తే ఇవన్నీ కనబడతాయి.