జైల్లో ఉన్నవాడికి ఉత్తరం

మన ఇళ్లలో పిల్లవాడు దుబాయి పోతే నలుగురికీ చెప్పుకుంటాం. ఆస్పత్రిలో పడితే చుట్టాలంతా పళ్లు పట్టుకుని వస్తారు. జైలుకు పోతే మాత్రం తలుపులు దగ్గరగా వేసుకుంటాం. అడిగినవాళ్లకు ‘పని మీద పుణే పోయాడు’ అని చెబుతాం. 2018లో నేనూ ఆ మాటే చెప్పాను. ఒకరికి కాదు, మా వీధి వీధంతటికీ.

వాడు మా అన్న కొడుకు. అన్న పోయి చాలా ఏళ్లయింది. షోలాపూరులో ఒక పత్‌సంస్థలో, అంటే సహకార పరపతి సంఘంలో, లెక్కలు రాసేవాడు. జనం దాచుకున్న సొమ్ము గల్లంతయింది. పెద్దవాళ్లతో పాటు వోచర్ల మీద సంతకాలు చేసిన వీణ్ణీ 2018 ఆగస్టులో పట్టుకుపోయారు. 19 నెలల తర్వాత బెయిలు మీద ఇంటికి వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది కనుక దాని జోలికి పోను. ఆ 19 నెలలు వాడికి ఉత్తరం, డబ్బు, పుస్తకం ఎలా చేరవేయాలో దెబ్బలు తిని నేర్చుకున్నాం. ఆ సంగతే రాస్తున్నాను. వాడిని అడిగే రాస్తున్నాను.

ఇది మా ఒక్కరి ఇంటి కథ కాదు. 2022 డిసెంబరు చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. వాళ్లందరికీ ఎక్కడో ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో ఒక తల్లో, పెళ్లామో పోస్టుమ్యాను కోసం చూస్తూనే ఉంటుంది.

ఏ భాష ఇది?

మా వదినది సిరిసిల్ల వైపు. పెళ్లయి షోలాపూరు వచ్చి నలభై ఏళ్లు దాటింది. మరాఠీలో బేరం చేస్తుంది, పోట్లాడుతుంది కూడా. రాయడం, చదవడం మాత్రం తెలుగే. కొడుకు పోయిన వారానికి ఇన్‌లాండు లెటరు కొని రెండు పక్కలా నింపి డబ్బాలో వేసింది. జవాబు లేదు. మళ్లీ రాసింది. మూడోది కూడా రాసింది. నలభై రోజులయినా ఉలుకూ పలుకూ లేదు.

‘వాడు నా మీద కోపానికొచ్చిండా?’ అని నన్ను అడిగేది.

ములాఖాత్‌కు పోయిన రోజు జైలు ఆఫీసులో విచారించాను. గుమాస్తా సొరుగు తీసి మూడు ఉత్తరాలూ బల్ల మీద పెట్టాడు. ‘ఇది ఏ భాష? కన్నడమా?’ అన్నాడు. తెలుగని చెప్పాను. ‘చదవగలిగినవాళ్లు ఇక్కడ లేరు. చదవకుండా లోపలికి ఇవ్వలేం’ అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. ఖైదీకి వచ్చే ఉత్తరాన్ని, ఖైదీ రాసే ఉత్తరాన్ని అధికారులు చూసిన తర్వాతే అందిస్తారు. ఆ సంగతి మనకు తెలుసు. చూసేవాడికి మన అక్షరం రాకపోతే ఏమవుతుందో మాత్రం మనం ఆలోచించం. ఆంధ్రలో, తెలంగాణలో ఉన్నవాళ్లకు రాని చిక్కు ఇది. మనలాంటి వాళ్లకే వస్తుంది.

ఆ గుమాస్తాయే ఉపాయం చెప్పాడు. తెలుగు ఉత్తరంతో పాటు దాని సారాంశం మరాఠీలో రాసి, కింద రాసినవారి పేరు, చుట్టరికం, ఊరు, ఫోను నంబరు పెట్టమన్నాడు. సూపరింటెండెంటు గారి పేర ఒక అర్జీ కూడా ఇచ్చాను. ‘తల్లికి తెలుగు తప్ప రాదు, ప్రతి ఉత్తరానికీ మరాఠీ తాత్పర్యం జత చేస్తాం, దయచేసి అందించగలరు’ అని నాలుగు ముక్కలు. ఆ తర్వాత ఉత్తరాలు ఆగలేదు. ఒడిశాలో ఉన్నవారు ఒడియాలో, తమిళనాడులో ఉన్నవారు తమిళంలో, కర్ణాటకలో వారు కన్నడంలో ఈ పని చేయవచ్చు.

కాగితం మీద రాయకూడని మాట

తాత్పర్యం రాసే పని నా మీద పడింది. అప్పుడే అసలు ఇబ్బంది వచ్చింది. రెండో నెలలో వదిన రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: ‘నిజం చెప్పు కొడుకా, ఆ పైసలల్ల నీ చెయ్యి ఉన్నదా?’

వకీలు మాకు మొదటి రోజే చెప్పాడు. కేసు సంగతి ఉత్తరాల్లో ఒక్క ముక్క రాయవద్దు, ఎవరు చదువుతారో, రేపు కోర్టులో ఎవరు ఎలా చూపిస్తారో చెప్పలేం అని. నేను ఆ ఉత్తరం పంపలేదు. తెచ్చి వదిన చేతిలో పెట్టాను. ఆమె ముఖం ఎర్రబడింది.

‘తల్లి అడగొద్దా?’

‘అడుగు వదినా. కాగితం మీద మాత్రం వద్దు.’

‘మరాఠీల నువ్వు ఇన్నాళ్లు ఏం రాసినవో నాకేం ఎరుక?’

ఆ మాట నాకు తగిలింది. నిజానికి అంతకు ముందు ఉత్తరంలో ఆమె ఏడుపంతా తీసేసి ‘మేము క్షేమం’ అని ఒక్క ముక్కలో ముగించాను. నాకు నేను సెన్సారు అధికారినైపోయాను. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. నేను మరాఠీలో రాసినదాన్ని తిరిగి తెలుగులో చదివి వినిపించాలి. ఆమె సరే అన్న తర్వాతే కవరు అంటించాలి.

కేసు మాట తీసేస్తే రాయడానికి ఏం మిగిలిందని ఆమె దిగులు. నేను ‘ఇవాళ ఏం జరిగిందో అదే రాయి’ అన్నాను. పక్కింటి పిల్ల పెళ్లి కుదరడం, నీళ్లు నాలుగు రోజులకోసారి రావడం, తువ్వాళ్ల మగ్గాలు ఆ వారం ఆగిపోవడం, సకినాలు చేసి వాడి వంతు ఎవరికీ పెట్టలేక డబ్బాలో దాచడం. ఇవి కూడా ఉత్తరాలేనా అని ఆమెకు సందేహం. తర్వాత వాడు చెప్పాడు, బారక్‌లో రాత్రిపూట మళ్లీ మళ్లీ చదువుకున్నవి అవేనట.

లోపలి నుంచి బయటికి వచ్చే రాతకు కూడా ఒక చరిత్ర ఉంది. 1960ల్లో బొంబాయిలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ సంఝగిరి అణువు గురించి మరాఠీలో ఒక విజ్ఞాన పుస్తకం రాశారు. అచ్చు వేయించడానికి రాతప్రతిని భార్యకు పంపుతానంటే ప్రభుత్వం కుదరదంది. వ్యవహారం సుప్రీం కోర్టు దాకా పోయింది. రూల్సులో లేని ఆంక్ష పెట్టడానికి వీల్లేదు, రాతప్రతి పంపనివ్వాలి అని 1965లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు రాసినది మన రాజమండ్రి వారైన జస్టిస్ కోకా సుబ్బారావు గారు. మరుసటి ఏడాది వారే భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఈ సంగతి చెబితే వదిన ‘మనోడేనా!’ అంది. ఆ నెలల్లో ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

డబ్బు పంపడం

మొదటి మనియార్డరు నేను వాడి పేరు, జైలు పేరు మాత్రమే రాసి పంపాను. మూడు వారాలకు తిరిగి వచ్చింది. అదే పేరు గలవాళ్లు లోపల ఇద్దరున్నారట. నూటికి 5 రూపాయల కమీషను పోయింది. ఆ మూడు వారాలు వాడు సబ్బు కూడా ఎవరినో అడిగి వాడుకున్నాడని తర్వాత తెలిసింది.

ఖైదీ చేతికి నోట్లు ఇవ్వరు. డబ్బు సూపరింటెండెంటు గారి పేర వెళ్లి, ఖైదీ పేర ఉండే ఖాతాలో జమ అవుతుంది. అందులోంచి క్యాంటీనులో సబ్బు, నూనె, టూత్‌పేస్టు, బిస్కెట్లు, పోస్టు కవర్లు, స్టాంపులు కొనుక్కుంటారు. కనుక ఖైదీ పూర్తి పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబరు తప్పకుండా రాయాలి. నంబరు మారితే వెంటనే తెలుసుకోవాలి. నెలకు ఇంతకంటే పంపకూడదని పరిమితి ఉంటుంది. ముంబయి ఆర్థర్ రోడ్డు జైలులో అది 4,500 రూపాయలని 2021లో పేపర్లలో వచ్చింది. పరిమితి దాటి పంపి ఇంట్లో అప్పు చేసుకోవద్దు. మేము నెలకు వెయ్యి పంపాం, అది సరిపోయింది. తేదీ తప్పకుండా వెళ్లడం ముఖ్యం.

ఆ రోజుల్లోనే ఒక పరిచయస్థుడు వచ్చి ‘నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, 500 ఇస్తే చీటీ గానీ, డబ్బు గానీ నేరుగా అందిస్తాడు’ అన్నాడు. నేను కొంచెం తూగాను. వకీలు మందలించాడు. 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షను ప్రకారం అనుమతి లేని వస్తువు లోపలికి చేరవేసినా, రూల్సు తప్పి ఖైదీతో సంబంధం పెట్టుకున్నా 6 నెలల దాకా శిక్ష ఉంది. ‘ఒకడు లోపల ఉన్నాడు, చాలదా?’ అన్నాడు. చాలునన్నాను.

పుస్తకాలు

జైలు నుంచి వచ్చిన వాడి మొదటి జాబులో బట్టలు అడగలేదు. ‘చిన్నాయనా, చదవడానికి తెలుగుది ఏదన్నా పంపు’ అని రాశాడు. ఇంట్లో ఉన్నప్పుడు తెలుగు పుస్తకం ముట్టనివాడు. స్కూలు చదువంతా మరాఠీలోనే సాగింది. తెలుగు చదవడం చిన్నప్పుడు వాళ్లమ్మ పలక మీద నేర్పింది.

అట్ట బైండు పుస్తకం ఒకటి తిప్పి పంపారు. పలచటి అట్టవి, పిన్నులు తీసేసినవి, లోపల చేతిరాత, చీటీలు లేనివి తీసుకున్నారు. ప్రతి పుస్తకానికి పేరు, రచయిత, విషయం మరాఠీలో ఒక కాగితం మీద రాసి పెట్టాను. పాత చందమామలు, ఒక పెద్ద బాలశిక్ష, మన సంఘం పత్రిక పాత సంచికలు వెళ్లాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ కూడా పంపాను. అది 1922 ప్రాంతంలో రాయవేలూరు జైలులో రాసిన నవల. జైల్లో పుట్టిన పుస్తకం మళ్లీ జైలుకే పోయింది.

నెహ్రూ గారు 1930 అక్టోబరు నుంచి 1933 ఆగస్టు దాకా జైళ్లలో ఉండి కూతురు ఇందిరకు రాసిన ఉత్తరాలే ప్రపంచ చరిత్ర పుస్తకమయ్యాయి. మన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1942 తర్వాత ఇదే మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉండి దినచర్య రాశారు. మావాడు అంతటివాడు కాడు. వాడు చేసిన పని వేరు. వాడి బారక్‌లో పాలమూరు వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చిన ఒక మనిషి ఉండేవాడు. ఏడాదిగా అతనికి ఉత్తరం ముక్క లేదు. చదువు రాదు. మావాడు రోజూ అతనికి చందమామ చదివి వినిపించాడు. తర్వాత పెద్ద బాలశిక్ష తీసి అక్షరాలు దిద్దించాడు. మేము పంపిన వెయ్యిలోంచి స్టాంపు కొని అతని ఊరికి కార్డు రాసి పెట్టాడు. నెలన్నరకు ఆ ఇంటి నుంచి జవాబు వచ్చింది. మనిషి బతికే ఉన్నాడని వాళ్లకు అప్పుడే తెలిసిందట.

ఇప్పుడు ఎవరికైనా అవసరం పడితే

పడకూడదనే కోరుకుంటాను. పడితే ముందు జైలు ఆఫీసులో నాలుగు సంగతులు అడగండి: ఖైదీ నంబరు, ఉత్తరాల భాష, డబ్బు పరిమితి, ఏ పుస్తకాలు తీసుకుంటారు. జైళ్లు రాష్ట్రాల చేతిలో ఉన్న వ్యవహారం. 2023లో కేంద్రం కొత్త నమూనా చట్టం పంపినా అమలు చేసుకోవలసింది రాష్ట్రాలే. కనుక షోలాపూరులో మాకు చెల్లినది బరంపురంలో మీకు చెల్లకపోవచ్చు.

పోస్టాఫీసు పద్ధతులూ మారాయి. 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడు పోస్టులో కలిపారు. 2025 మే 1న పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్టు మొదలైంది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలుగా ధర పెట్టారు. ఈ-ములాఖాత్ ద్వారా వీడియోలో చూసి మాట్లాడే వీలు చాలా జైళ్లలో వచ్చింది. అయినా ఉత్తరం మానకండి. వీడియో నిమిషాల్లో అయిపోతుంది, కాగితం దిండు కింద ఉంటుంది. వకీలుకు డబ్బు లేకపోతే భయపడవద్దు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. ఫోను నంబరు 15100.

మావాడు 2020 మార్చిలో ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక గుడ్డ సంచి, సంచిలో వాళ్లమ్మ ఉత్తరాలు, ప్రతి దాని వెనక నా మరాఠీ కాగితం. అన్నీ వరుస తప్పకుండా పేర్చి ఉన్నాయి.

వదిన ఆ ప్రశ్నను ములాఖాత్‌లో కూడా అడగలేదు. అద్దం అవతల కొడుకును చూసి ‘తిన్నవా?’ అని మాత్రం అడిగేది. వాడు ఇల్లు చేరిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం నాతో అంది, ‘అడిగిన. వాడు చెప్పిండు.’ ఏం చెప్పాడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అది తల్లీకొడుకుల మాట. దానికి తాత్పర్యం అక్కరలేదు.

వీధిలో ఇప్పుడు ఎవరైనా అడిగితే పుణే అని చెప్పడం లేదు. మన సంఘంలో ఇలాంటి ఇల్లు ఇంకొకటి ఉంటే, తలుపు దగ్గరగా వేసి ఉన్నా సరే, నాకు కబురు చేయండి. ఉత్తరానికి మరాఠీ తాత్పర్యం నేను రాసి పెడతాను.