లూగర్ పిస్తోలులోని ప్రత్యేక భాగాలు

లూగర్ పిస్తోలు 19వ శతాబ్దం చివరలో జర్మనీలో రూపొందిన సెమీ ఆటోమేటిక్ చేతితుపాకి. దీని రూపకర్త ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలో జన్మించిన గియార్గ్ లూగర్ (1849 - 1923). బెర్లిన్‌లోని డి.డబ్ల్యు.ఎం. అనే ఆయుధ సంస్థ దీనిని తయారు చేసింది. 1900లో స్విట్జర్లాండ్ సైన్యం, 1904లో జర్మనీ నౌకాదళం, 1908లో జర్మనీ సైన్యం దీనిని స్వీకరించాయి. జర్మనీ సైన్యంలో దీనికి పి.08 అని పేరు. శాంతిని కోరువాడు యుద్ధానికి సిద్ధపడవలెనను అర్థం గల లాటిన్ సూక్తి నుండి వచ్చిన 'పారబెల్లం' అనే పేరు కూడా దీనికి కలదు.

నేటి పిస్తోళ్ళను ఎరిగినవారికి దీనిలోని కొన్ని భాగాలు వింతగా కనిపిస్తాయి. ఇవి అలంకారాలు కావు. ప్రతి భాగమూ ఆనాడు ఎదురైన ఏదో ఒక సమస్యకు వెతికిన పరిష్కారం. అందువల్లనే ఏ భాగం ఉన్నదో, ఏది లేదో గమనించి ఒక పిస్తోలు ఏ కాలానిదో చాలావరకు చెప్పవచ్చు.

మోకాలు వంటి కీలు

లూగరును చూడగానే గుర్తుపట్టించేది దాని వెనుక భాగాన, రెండు వైపులా గుండ్రని బొడిపెలతో ఉండే కీలు. తూటా పేలినపుడు పుట్టే వాయువుల ఒత్తిడి గుండును ముందుకు నెట్టినట్లే ఖాళీ తొడుగును వెనుకకు నెడుతుంది. గుండు గొట్టం దాటిపోయి ఒత్తిడి తగ్గేవరకు వెనుక తలుపు, అనగా బోల్టు, తెరుచుకోరాదు. ఈ పనిని ఎక్కువ పిస్తోళ్ళలో జారుడు పైకప్పు వంటి స్లైడు చేస్తుంది. లూగరులో మాత్రం మూడు ఇరుసుల కీలు చేస్తుంది.

మనిషి మోకాలితో పోల్చి చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. కాలు నిటారుగా చాపి నిలబడినవాడు ఎంత బరువునైనా మోయగలడు. వెనుకనుండి ఎవరైనా మోకాలి మడత వద్ద చిన్నగా తాకితే చాలు, కాలు ఇట్టే మడుచుకుంటుంది. లూగరు కీలు మూసి ఉన్నపుడు నడిమి ఇరుసు తక్కిన రెండు ఇరుసులను కలిపే గీతకు కొంచెం దిగువన ఉంటుంది. కనుక తూటా ఒత్తిడి కీలును విప్పకపోగా మరింత బిగిస్తుంది. గొట్టమూ కీలూ కలిసి కొద్ది దూరం వెనుకకు జరిగిన పిమ్మట ఆ గుండ్రని బొడిపెలు చట్రం మీది వాలు తలాలను తాకుతాయి. అదే మోకాలి మడతను తాకడం. కీలు పైకి మడుచుకొని, బోల్టు వెనుకకు వచ్చి, ఖాళీ తొడుగు బయటకు ఎగిరిపోతుంది.

ఈ ఆలోచన పూర్తిగా లూగర్‌ది కాదు. హైరం మాక్సిం తన మెషీన్ గన్‌లో ఇటువంటి కీలును వాడాడు. హ్యూగో బోర్చార్డ్ 1893లో దానిని పిస్తోలులో ప్రవేశపెట్టాడు. అయితే బోర్చార్డ్ స్ప్రింగును తుపాకి వెనుక పెద్ద గూడులో అమర్చడం వల్ల ఆయుధం వెనుక బరువుతో ఎబ్బెట్టుగా ఉండేది. లూగర్ ఆ స్ప్రింగును పిడిలోకి మార్చి, పిడిని ఏటవాలుగా చేశాడు. నిజానికి ఆయన చేసిన అసలు మేలు ఇదే.

పిడిలోని ఈ స్ప్రింగు తొలి నమూనాలలో బల్లపరుపు రేకు రూపంలో ఉండేది. 1906 నమూనాలో చుట్టల స్ప్రింగు వచ్చింది. తొలి నమూనాలలోనే కుడివైపు బొడిపెలో ఒక చిన్న తాళం కనబడుతుంది. మూసుకునేటపుడు కీలు తిరిగి ఎగిరిపడకుండా ఆపడానికి దానిని పెట్టారు. 1906 తరువాతి పిస్తోళ్ళలో అది లేదు.

అక్షరాలు చెప్పే సంగతులు

1906 నమూనాలో తొడుగును లాగే కొక్కెం, అనగా ఎక్స్‌ట్రాక్టరు, మరొక పని కూడా చేస్తుంది. గదిలో తూటా ఉన్నపుడు అది బోల్టు పైకి లేచి నిలుస్తుంది. అపుడు దాని ఎడమ పక్కన 'గెలాడెన్' అనే జర్మన్ మాట బయటపడుతుంది. తూటా నింపబడినదని దాని అర్థం. చీకటిలో వేలితో తడిమి కూడా ఈ సంగతి తెలుసుకోవచ్చు. అమెరికాకు పంపిన వాటిపై 'లోడెడ్' అని, పోర్చుగల్ సైన్యానికి ఇచ్చిన వాటిపై 'కర్రెగాడ' అని చెక్కారు.

ఎడమ వైపు వెనుక ఉన్న సేఫ్టీ మీటను తిప్పితే 'గెసిషెర్ట్', అనగా భద్రపరచబడినది, అనే మాట కనిపిస్తుంది. డచ్చివారి తూర్పు ఇండియా దళాల పిస్తోళ్ళపై దీనికి బదులు 'రస్ట్' అని ఉంటుంది. డచ్చి భాషలో దానికి విశ్రాంతి అని అర్థం. ఆంగ్లం మాత్రమే వచ్చినవారు తుప్పు అనుకొనే ప్రమాదం ఉన్నది.

తొలి నమూనాలలో పిడి వెనుక భాగాన మరొక మీట కలదు. పిడిని గట్టిగా పట్టుకున్నపుడే అది లోనికి పోయి తుపాకి పేలడానికి వీలు కలుగుతుంది. జర్మనీ సైన్యం పి.08లో దానిని తీసివేయించింది. స్విట్జర్లాండ్‌వారు 1929 నమూనాలో సైతం దానిని వదలలేదు.

పక్క పలక, అందలి ప్రమాదం

లూగరులో బయటకు కనిపించే సుత్తి లేదు. ట్రిగ్గరు నొక్కినపుడు ఎడమ పక్క పలకలోని ఒక వంపు మీట ఆ కదలికను గొట్టం పక్కన ఉన్న సన్నని కమ్మీకి అందజేస్తుంది. ఆ కమ్మీయే లోపలి సూదిని విడుదల చేస్తుంది. ట్రిగ్గరు కదలిక ఇన్ని మలుపులు తిరిగి పోవడం వల్ల నొక్కుడు అంత నునుపుగా ఉండదని అంటారు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. పక్క పలక ఊడదీసి, గొట్టమూ కీలూ గల పై భాగాన్ని చట్రం నుండి వేరు చేసినప్పటికీ, గదిలో తూటా మిగిలి ఉంటే ఆ కమ్మీ నొక్కుకోగానే అది పేలగలదు. ట్రిగ్గరూ పిడీ లేని వస్తువు కనుక అపాయం లేదని తలచడం పొరపాటు. జర్మనీ పోలీసులు 1930లలో తమ పిస్తోళ్ళకు, పలక తీసినపుడు కమ్మీని అడ్డగించే ఒక సన్నని రేకు స్ప్రింగును అదనంగా అమర్చారు. కొన్నింటికి మేగజీను తీసివేస్తే పేలకుండా ఆపే మరొక ఏర్పాటు కూడా చేశారు. పాత పిస్తోలు పక్కన ఇటువంటి రేకు కనిపిస్తే అది ఎవరో చేసిన అతుకు కాదు, పోలీసు వాడుకకు గుర్తు. పాత ఆయుధం చేతికి వచ్చినపుడు పై అక్షరాలను నమ్మి ఊరుకోక, నిపుణుని చేత గదిని చూపించుకోవడం మంచిది. నూరేళ్ళనాటి కొక్కెం అరిగి ఉండవచ్చు, మారి ఉండవచ్చు.

పిడి అడుగున ఉన్న లగ్గు

పిడి వెనుక అడుగున పొడుచుకొని వచ్చిన చిన్న లోహపు ముక్క పలువురిని తికమక పెడుతుంది. చెక్క బుజపు కర్రను తగిలించి చిన్న రైఫిలు వలె వాడడానికి దీనిని ఏర్పాటు చేశారు. 150 మి.మీ. గొట్టం గల నౌకాదళ పిస్తోలుకు, 200 మి.మీ. గొట్టం, 800 మీటర్ల వరకు గుర్తులున్న గురి పలక గల శతఘ్ని దళపు పిస్తోలుకు ఆ కర్ర ఉపయోగపడింది. శతఘ్ని దళపు దానికి 32 తూటాల నత్త ఆకారపు మేగజీను కూడా ఉండేది. సుమారు 100 మి.మీ. గొట్టం గల సాధారణ పి.08కు 1913 నుండి ఈ లగ్గును చేర్చారు. ఆ సైనికులలో అత్యధికులకు కర్ర ఇవ్వనే లేదు, అయినా తయారీ ముగిసే వరకు లగ్గు కొనసాగింది. చివరి తూటా కాలిన తరువాత బోల్టును వెనుకనే నిలిపి ఉంచే ముక్క కూడా పి.08లో 1913లోనే వచ్చింది. అంతకు ముందటి వాటికి తరువాత అమర్చినవీ ఉన్నాయి కనుక ఆ ఒక్క దానిని బట్టి కాలనిర్ణయం చేయరాదు.

అంకెలు

సైన్యానికి చేసిన పిస్తోలు చట్రం మీద పూర్తి సంఖ్య, చిన్న భాగాలపై దాని చివరి రెండు అంకెలు చెక్కబడి ఉంటాయి. భాగాలను చేతితో సరిచేసి అమర్చేవారు కాబట్టి ఒకదాని భాగం మరొకదానికి సరిగా కుదరకపోవచ్చు. అంకెలు కలవకపోతే ఆ పిస్తోలు మరమ్మతుకు గురైనదని ఊహించవచ్చు. గొట్టం మొదట తూటా గది పైన తయారైన సంవత్సరం కనిపిస్తుంది. కొన్నింటిపై దానితోపాటు 1920 అని కూడా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ప్రభుత్వ ఆస్తిగా గుర్తించినపుడు వేసిన ముద్ర అది. 1930లో తయారీ మౌజర్ సంస్థకు మారింది. 1938లో వాల్థర్ పి.38ను స్వీకరించిన పిమ్మట లూగర్ క్రమంగా వెనుకబడి, 1942లో సైన్యానికి తయారీ ఆగిపోయింది.

భారతదేశంలో

లూగర్ పిస్తోలు కోసం పుట్టిన 9×19 మి.మీ. తూటా దాని కంటే ఎక్కువ కాలం నిలిచింది. భారత సైన్యం, పోలీసు దళాలు వాడిన 9 మి.మీ. పిస్తోలు 1ఎ, స్టెర్లింగ్ కార్బైన్ ఈ తూటానే పేలుస్తాయి. ఆయుధ చట్టం (1959) క్రింద 9 మి.మీ. పిస్తోలు నిషిద్ధ బోరుగా పరిగణింపబడుతుంది. కావున సామాన్య లైసెన్సుపై దీనిని కలిగి ఉండరాదు.