మనోవ్యథకు మందు: కణం అడిగే గడువు

"డాక్టరు గారు రాసిన మాత్రలు పది రోజులుగా వేసుకుంటున్నాడు మౌలానా, మార్పేమీ లేదు. ఇక ఆపేసి దుఆ మీదే ఆధారపడమంటారా?"

కర్మన్‌ఘాట్ ప్రాంతపు కుటుంబాల నుండి మా వంటి మదరసా ఉపాధ్యాయులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇందులో రెండు అపోహలు ఇమిడి ఉన్నాయి. మందు, దుఆ ఒకదానికొకటి పోటీ అన్నది మొదటిది. పది రోజుల్లో గుణం చూపని మందు పనిచేయని మందేనన్నది రెండవది. వీటి మూలంగా చికిత్స మధ్యలో ఆగిపోతే ఒక్కోసారి ప్రాణానికే ముప్పు వస్తుంది. కనుక ఈ విషయాన్ని ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసి ఉంది.

మొదటి అపోహకు మన ధర్మంలోనే సమాధానం ఉంది. చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప, మందు లేని వ్యాధిని అల్లాహ్ సృష్టించలేదని కూడా తెలియజేశారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. కుమారుని ఎడబాటుతో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కన్నులు తెల్లబడిపోయిన వైనాన్ని దివ్య ఖుర్ఆన్ యూసుఫ్ సూరాలో వివరిస్తుంది. ఆయన ప్రవక్త. దుఃఖం ఈమాన్ లోపానికి గుర్తు కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' గ్రంథంలో విచారాన్ని రెండు రకాలుగా విభజించారు. ఆప్తులనో, ఆస్తినో కోల్పోవడం వంటి తెలిసిన కారణంతో కలిగేది ఒకటి. కారణమేదీ కనిపించకుండా శరీరంలోని మార్పు వల్ల కలిగేది మరొకటి. రెండవదానికి శరీర చికిత్స అవసరమని ఆయన ఆనాడే గుర్తించారు.

ఇక రెండవ అపోహ. కుంగుబాటుకు నేడు ఎక్కువగా వాడే ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు మెదడులోని నాడీకణాల మీద పనిచేస్తాయి. ఒక కణం మరో కణానికి సందేశం పంపేటప్పుడు రెండింటి నడుమనున్న సన్నని ఖాళీలోకి సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. పని ముగిశాక దానిని తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. ఈ మందులు ఆ పీల్చుకునే ద్వారాన్ని మూస్తాయి. ఇది కొన్ని గంటల్లోనే జరుగుతుంది. మరి మనసు కుదుటపడడానికి వారాలు ఎందుకు పడుతుంది?

మొదట్లో సెరటోనిన్ పెరగడాన్ని పసిగట్టిన కణం, తన విడుదలను తానే తగ్గించుకుంటుంది. ఆ అడ్డుకట్ట సడలడానికి కొన్ని వారాలు కావాలి. ఈలోగా కణం లోపల మరో పని సాగుతుంది. సందేశం అందుకున్న కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే దూత తయారవుతుంది. దాని ప్రేరణతో కణకేంద్రంలోని కొన్ని జన్యువులు మేల్కొంటాయి. నాడీకణాలను పోషించే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ ఉత్పత్తి పెరుగుతుంది. కణాల మధ్య సంబంధాలు మెల్లగా బలపడతాయి. ఈ క్రమంలో అధిక భాగం జంతువులపై జరిగిన ప్రయోగాల ద్వారా తెలిసింది.

ఆ దూత తయారయ్యేది ఏటీపీ అనే శక్తి పదార్థం నుండి. భీమవరంలో 1895లో జన్మించిన మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ఏటీపీని వెల్లడించారు. తరువాత లెడర్లే సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తంలో ఆ విటమిన్ తక్కువగా ఉన్నవారిలో కుంగుబాటు మందులు తక్కువ ఫలితమిస్తున్నట్లు తరువాతి పరిశోధనల్లో కనిపించింది.

అందరికీ ఒకే మందు సరిపోదు. కాలేయంలోని ఎంజైములు కొందరిలో మందును త్వరగా విరిచేస్తాయి, కొందరిలో నెమ్మదిగా. థైరాయిడ్ లోపం కూడా చికిత్సకు అడ్డు తగులుతుంది. అమెరికాలో సుమారు 4,000 మందితో జరిపి 2006లో ప్రకటించిన పరిశీలనలో, మొదటి మందుతోనే పూర్తిగా కోలుకున్నవారు దాదాపు మూడింట ఒక వంతు మాత్రమే. మందు మార్చడం ద్వారానో, మరొకటి చేర్చడం ద్వారానో మరికొందరు కోలుకున్నారు. కాబట్టి మొదటి మందు ఫలించకపోతే అది రోగి తప్పూ కాదు, ఆశ వదులుకోవలసిన సందర్భమూ కాదు.

కుటుంబ సభ్యులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమని వైద్యులు చెబుతారు. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు కలగవచ్చు. పాతికేళ్ళ లోపు వారిలో మొదటి వారాలలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది గనుక వారిని కనిపెట్టుకుని ఉండాలి. అటువంటి మాట నోట వింటే మందలించకండి, ఒంటరిగా వదలకండి. వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. రంజాన్‌లో మాత్రను ఇఫ్తార్‌కో, సహరీకో మార్చుకోవడంపై వైద్యుణ్ణి సంప్రదించండి. రోగి ఉపవాసాలను తరువాతి రోజులకు వాయిదా వేసుకునేందుకు అల్లాహ్ స్వయంగా అనుమతించాడు.

2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనూ అందుబాటులో ఉంది. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఎర్రగడ్డలో ఉంది. ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే అక్కడికి చేరవచ్చు. ఆ పేరు వింటే సిగ్గుపడే అలవాటును మనం మానుకోవాలి.

సబ్ర్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. వేళకు మాత్ర ఇవ్వడం, రోగి చెంత కూర్చోవడం, ఎత్తిపొడుపు మాట అనకపోవడం, ఫలితాన్ని ప్రభువుకు అప్పగించి దుఆ చేయడం, ఇవన్నీ కలిస్తేనే సబ్ర్. కణానికి ఆ గడువును నిర్ణయించినవాడు దాని సృష్టికర్తే. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.